వైజాగ్‌లో మూడు రోజులు: పోయినసారి తిన్న దెబ్బ మళ్లీ తినకుండా ఎక్కడ తినాలి, ఏం చూడాలి?

హన్మకొండ_కోడలు
ఫిబ్రవరి రెండో వారంలో వైజాగ్ వస్తున్నాం. శుక్ర, శని, ఆదివారాలు. ఆరుగురం: మేమిద్దరం, అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలు (11, 6 ఏళ్లు). అడిగే ముందు పోయినసారి ఏమైందో చెప్పాలి, లేకపోతే మళ్లీ అవే సలహాలు వస్తాయి.

నాలుగేళ్ల కిందట మే నెలలో వచ్చాం. మొదటి రోజే సముద్రం కనపడే హోటల్ ఒకటి చూసి, ఒడ్డు మీదే ఉంది కాబట్టి చేప తాజాగా ఉంటుందని కూర్చున్నాం. గిన్నె మూత తీయగానే వాసన తేడాగా అనిపించింది. పిల్లలకు పెట్టలేదు. మామయ్య మాత్రం "ఇంత దూరం వచ్చి చేప తినకుండా పోతామా" అని తిన్నారు. ఆ రాత్రి నుంచి రెండు రోజులు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లే. సోమవారం ఆయన్ను రూంలో పడుకోబెట్టి పెద్దోణ్ని బీచ్ రోడ్డులోని సబ్‌మెరైన్ మ్యూజియంకు తీసుకెళ్తే గేటుకు తాళం. వాడు ఆ గేటు ఊచలు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

ఈసారి ఒక్కొక్కరిది ఒక్కో కోరిక. మామయ్యకు మంచి చేపల పులుసు. అత్తమ్మకు సింహాచలం. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పైగా శనివారం ఉల్లిపాయ కూడా ముట్టరు. పిల్లలకు సబ్‌మెరైన్, అలలు. మా ఆయనకు ఏదైనా సరే, కారు పార్కింగ్ దొరికితే చాలు. నాకు ఒక్క గంట సముద్రం ముందు కూర్చోవాలని ఉంది, ఎవరూ నన్ను ఏమీ అడగకుండా. ఎలా సర్దాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బీచ్‌రోడ్డు_బాటసారి
సబ్‌మెరైన్ సోమవారం సెలవు. జూ కూడా అంతే. మీరు శుక్రవారం వస్తున్నారు కాబట్టి ఆ గొడవ లేదు. కానీ మామూలు రోజుల్లో కురుసుర (ఆ సబ్‌మెరైన్ పేరు) మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, పొద్దున్నే వెళ్లి నిలబడకండి. శుక్రవారం సాయంత్రం పెట్టుకోండి, ఆదివారం అయితే లైను రోడ్డు దాకా వస్తుంది.

పెసరట్టు_ప్రియ
మీ పెద్దోడి ఏడుపు చదివితే మా వాడు గుర్తొచ్చాడు. మాకూ సోమవారమే తగిలింది. ఆ తాళం ముందు ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో!

తెప్ప_తెడ్డు
మాది జాలారిపేట. మా నాన్న, తాత అందరూ వేటకు వెళ్లినవాళ్లే. మీ మామయ్యగారికి జరిగింది చదివి కష్టంగా అనిపించింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మీరు వచ్చింది మే నెలలో అన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరం మొత్తం వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. ఇంజను బోట్లేవీ కదలవు. హార్బర్‌లో ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, బోట్లకు రంగులు వేసుకోవడం, ఆ రెండు నెలలూ అదే పని. ఇంజను లేని తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చే కొద్దిపాటి సరుకు ఒడ్డు మీదే అమ్ముడైపోతుంది. మరి హోటల్లో పెట్టిన చేప ఎక్కడిది? చెరువుదైనా కావాలి, పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందైనా కావాలి, లేదా ఐసులో ఎన్నాళ్ల నుంచో ఉన్నదైనా కావాలి. సముద్రం ఎదురుగా ఉన్నా చేప అందులోది కాదు. ఈ సంగతి ఊళ్లోకి వచ్చేవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఫిబ్రవరి బంగారం లాంటి నెల. వేట సాగుతుంది, ఎండ కూడా ఉండదు. హోటల్లో కూర్చోగానే మెనూ అడక్కండి. "ఈ రోజు ఏం చేప వచ్చింది?" అని అడగండి. "కోనెం ఉంది, చందువ లేదు" అన్నట్టు ఒకటుంది, ఒకటి లేదు అంటే నమ్మొచ్చు. "అన్నీ ఉన్నాయి మేడమ్" అంటే లేచి వచ్చేయండి. సముద్రం ఏ రోజూ అన్నీ ఇవ్వదు.

గోదారోడు
తెప్ప_తెడ్డు గారు చెప్పినదంతా ఒప్పుకుంటా గానీ చెరువు చేప అనగానే పాత చేప పక్కన కలిపేయడం అన్యాయం. మా వైపు నుంచి రోజూ లారీలు వస్తాయి, తెల్లారి పట్టిన బొచ్చె మధ్యాహ్నానికి పులుసులో ఉంటుంది. నిషేధం నెలల్లో వచ్చేవాళ్లు ధైర్యంగా చెరువు చేపో కొర్రమీనో అడిగి తినండి. పులస మాత్రం అడక్కండి, అది వరద గోదారిది, వేరే లోకం.

తెప్ప_తెడ్డు
@గోదారోడు చెరువు చేపను తక్కువ చేయలేదన్నా. చెరువు చేపను సముద్రపు చేప అని చెప్పి పెట్టొద్దనే నా బాధ. పులస దగ్గర మాత్రం మీకు దండం.

వరంగల్_వాలా
కోనెం అంటే ఏంటన్నా? మా మార్కెట్‌లో ఎప్పుడూ వినలేదు.

తెప్ప_తెడ్డు
మీరు వంజరం అంటారే, అదే. ముల్లు తక్కువ, పిల్లలకు వేపుడుకు మంచిది. పులుసుకైతే చందువ, కానాగంతలు. నెత్తళ్లు మామిడికాయతో వండితే ఆ రుచే వేరు గానీ ఫిబ్రవరికి పుల్ల మామిడి అంతగా దొరకదు, చింతపండుతో సరిపెట్టుకోవాలి.

పాతపట్నం_పాప
హోటళ్ల సంగతి తర్వాత, ముందు ఒక ఉపాయం చెప్తాను. ఆరుగురు మూడు రాత్రులు ఉంటున్నారు కాబట్టి లాడ్జి కాకుండా వంటిల్లు ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోండి. పొద్దున ఆరింటికల్లా మామయ్యగారిని తీసుకుని ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. వేలంపాట చూడటమే ఒక పండగ. బోటు మీంచి గంపలు దిగుతుంటాయి, కింద తడి నేల మీద కుప్పలు పోస్తారు, పాట పాడేవాడి గొంతు ఎంత వేగంగా పోతుందంటే మొదటి పది నిమిషాలు మీకు ఒక్క అంకె అర్థం కాదు. గంపలకు గంపలు కొనే వ్యాపారులు వెళ్లాక, పక్కనే ఆడవాళ్లు చిల్లరగా అమ్ముతారు. వాళ్ల దగ్గర కిలో రెండు కిలోలు కొనుక్కోవచ్చు, శుభ్రం చేసి ముక్కలు కోసి ఇచ్చేవాళ్లూ అక్కడే ఉంటారు.

మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే లేవాలి. రొయ్యకు తల దగ్గర నలుపు ఉంటే వద్దు. పీత అయితే కదులుతూ ఉండాలి, చేతిలో బరువుగా తగలాలి. పాత చెప్పులు వేసుకెళ్లండి, నేలంతా చేప నీళ్లే.

హన్మకొండ_కోడలు
@పాతపట్నం_పాప ఇది మామయ్యకు చదివి వినిపించా. ఆయన అప్పుడే బ్యాగులో పాత చెప్పులు పెట్టేశారు. ఇంకా మూడు వారాలుంది!

@తెప్ప_తెడ్డు అన్నా, నాలుగేళ్లుగా ఆ హోటల్ వాణ్ని తిట్టుకున్నా. వాడి తప్పు వాడిదే గానీ, మేం వచ్చిన నెల కూడా అలాంటిదని ఇప్పుడే తెలిసింది.

రైలుపిచ్చి
మూడు రోజులుండి అరకు ప్రస్తావనే లేదేంటండీ? పొద్దున్నే ఏడు కాకముందే కిరండూల్ ప్యాసింజర్ బయల్దేరుతుంది, విస్టాడోమ్ పెట్టెలో గాజు పైకప్పు, సీటు చుట్టూ తిరుగుతుంది. దారిలో 58 సొరంగాలు. మా పాప ప్రతి సొరంగానికీ కేక వేస్తూ లెక్కపెట్టింది, ముప్పై దాటాక గొంతు పోయింది. ఇది చూడకుండా వెళ్తే వైజాగ్ సగమే చూసినట్టు.

ఎంవీపీ_వాసి
మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో మూడు రోజుల్లో అరకా? వెళ్లి రావడానికే ఒక రోజంతా పోతుంది. బొర్రా గుహల్లో దిగడానికి మెట్లు, ఎక్కడానికి మెట్లు, పైగా తడి. మా అమ్మను తీసుకెళ్లి సగం దారిలో కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్లొచ్చాం. ఆమె అక్కడ కోతుల మధ్య చేతిసంచి గుండెలకు హత్తుకుని కూర్చుంది. వచ్చాక ఏమీ అనలేదు, కానీ నాకు ఆ రోజు చూసినదేదీ గుర్తులేదు, ఆ కూర్చున్న తీరే గుర్తుంది.

రైలుపిచ్చి
గుహల్లో దిగమని నేను అనలేదు. రైలు దిగకుండా అరకు దాకా వెళ్లి, కాఫీ తాగి, బొంగులో చికెన్ తిని కారులో తిరిగి రావచ్చు. పెద్దవాళ్లకు కిటికీ పక్క సీటు కంటే సుఖమైన యాత్ర ఏముంది?

ఫిల్టర్‌కాఫీ
రైలుపిచ్చి గారి మాటలో న్యాయం ఉంది గానీ నా ఓటు ఎంవీపీ_వాసికే. అరకుకు రెండు రోజులు విడిగా పెట్టుకోండి. నవంబరు అయితే వలిసె పూలు కొండలంతా పసుపు పూసినట్టుంటాయి. ఒక్క రోజులో అంటించుకుని వస్తే కాఫీ వాసన కూడా మిగలదు. కాఫీ కావాలంటే గింజలు వైజాగ్‌లోనే దొరుకుతాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్యాకెట్ మీద చూసి కొనండి.

పెసరట్టు_ప్రియ
బొంగులో చికెన్ అంటే ఏంటి, ఎప్పుడూ తినలేదు?

రైలుపిచ్చి
పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వేయరు. వెదురులో ఉన్న తడితోనే ఉడుకుతుంది. బొంగు చీల్చి ఆకులో పోసినప్పుడు వచ్చే పచ్చి వెదురు వాసన కోసమే నేను ఏటా వెళ్తా. ఎండిన బొంగులో, ముందే వండింది వేడి చేసి ఇచ్చేవాళ్లున్నారు, ముందు బొంగు రంగు చూడండి.

ఎంవీపీ_వాసి
అత్తమ్మగారి శనివారం ఉపవాసానికి నా దగ్గర మంచి జవాబుంది. ఎంవీపీ కాలనీలో వాసెన పోలి బండి. పొద్దున్నే వెళ్లండి.

వాసెన అంటే తెలుసుగా, కుండ మూతికి కట్టే గుడ్డ. నీళ్లు మరిగే కుండకు తెల్ల గుడ్డ బిగించి కట్టి, దాని మీద పిండి వేసి, ఆవిరి మీద ఉడికించడం. మా నాయనమ్మ చేసేది. ఈ తరంలో ఇంట్లో చేసేవాళ్లు ఎవరున్నారు? ఇక్కడ రాగులు, జొన్నలు, ఇలా చిరుధాన్యాల ఇడ్లీలు ఆకుల్లో ఉడికించి పెడతారు. ఆకు విప్పగానే ఆవిరి ముఖానికి కొడుతుంది, ఇడ్లీ మీద ఆకు ఈనెల గీతలు అచ్చుపడి ఉంటాయి. చట్నీలో ఏం పడిందో మాత్రం అడిగి తీసుకోండి, మీ అత్తమ్మగారు ఉల్లి ముట్టరు కదా.

బీచ్‌రోడ్డు_బాటసారి
టిఫిన్‌కు ద్వారకానగర్ సాయిరామ్ పార్లర్ కూడా చెప్పాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి దగ్గర. పిల్లలు దోసెలతో ఖుషీ. ఆదివారం పొద్దున తొమ్మిది దాటితే మాత్రం నిలబడి పక్కవాళ్ల ప్లేట్లు చూడాల్సిందే.

భోజనానికి వెంకటాద్రి వంటిల్లు, దసపల్లా. సముద్రపు చేపలకు రుషికొండ వైపు సీ ఇన్, ఊళ్లో అందరూ రాజుగారి ధాబా అంటారు. మధ్యాహ్నం భోజనానికే వెళ్లండి, ఆలస్యమైతే పీతల కూర అయిపోతుంది.

కుర్రోడు_99
ఇంతసేపూ తిండేనా? సాయంత్రం బీచ్‌లో చల్లగా ఒక బీరు వేసుకునే చోటు ఎవరైనా చెప్తారా?

నీళ్లంటే_భయం
బీచ్‌లో వద్దు తమ్ముడూ. బార్‌లో కూర్చుని తాగు, హోటల్లో తాగు, నీ ఇష్టం. ఇసుకలో తాగి పగలగొట్టిన సీసా ముక్క మా పాప కాలికి దిగి ఐదు కుట్లు పడ్డాయి. ఆ రోజు దాన్ని ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తిన దూరం నేను ఎప్పటికీ మర్చిపోను.

హన్మకొండ అక్కకు కూడా చెప్పాలి. మన తీరంలో అలలు చూడ్డానికి ఎంత బాగుంటాయో లోపలికి లాగడంలో అంత బలంగా ఉంటాయి. ఆర్కే బీచ్‌లో, యారాడలో ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. మోకాలి లోతు అనుకున్న చోట తర్వాతి అలకు నడుము దాకా వస్తుంది, వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. ఏటా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు పోతున్నారు. ఆర్కే బీచ్‌లో పాదాలు తడిస్తే చాలు. పిల్లల్ని దింపాలనుకుంటే రుషికొండకే వెళ్లండి, అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారు. వాళ్లు పాతిన జెండాలు దాటొద్దు. చిన్నవాడి చెయ్యి కాదు, మణికట్టు పట్టుకోండి. తడి చేతిలో వేళ్లు జారతాయి.

తెప్ప_తెడ్డు
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క మాట కలుపుతా. ఎవరినైనా నీళ్లు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లాగే నీళ్లు ఒక పాయలా పోతాయి, దాని పక్కకు తప్పుకుంటే అలే ఒడ్డుకు తెచ్చి పడేస్తుంది. మేం చిన్నప్పుడే నేర్చుకునే మొదటి పాఠం ఇది.

కుర్రోడు_99
@నీళ్లంటే_భయం సారీ అక్కా. నిజంగా ఆలోచించలేదు. పాప కాలు ఇప్పుడు బాగుందా?

నీళ్లంటే_భయం
బాగుంది తమ్ముడూ. ఇప్పుడు స్కూల్లో పరుగు పందేలకు వెళ్తోంది.

గోదారోడు
కుర్రోడూ, కొబ్బరి బొండం తాగు. లేత కొబ్బరి ఉన్నది అడుగు, తాగాక పగలగొట్టి మీగడ గీరి ఇస్తారు. ఎండాకాలం వస్తే భీమిలి రోడ్డులో తాటిముంజలు. వేలితో పొడిచి నీళ్లు పీల్చేటప్పుడు చొక్కా జాగ్రత్త, ఆ మరక పోదు.

పాతపట్నం_పాప
సింహాచలం గురించి ఎవరూ చెప్పట్లేదు. అత్తమ్మగారు మెట్ల దారిన ఎక్కక్కర్లేదు, కొండ పైదాకా రోడ్డు ఉంది, దేవస్థానం బస్సులూ ఉన్నాయి. శని, ఆదివారాలు జనం ఎక్కువ. శుక్రవారం పొద్దున్నే వెళ్లడం మేలు. మధ్యలో నైవేద్యం వేళ దర్శనం ఆపుతారు, అందుకని తొందరగా లైనులో చేరండి.

ఒక సంగతి ముందే చెప్పండి ఆమెకు. స్వామి రూపం కనపడదు, నిండా చందనం పూతతో లింగంలా ఉంటాడు. నిజరూపం ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడే. మా పిన్ని తెలియక వెళ్లి "నరసింహస్వామి ఏడీ" అని గర్భగుడి ముందే అడిగింది. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరిక కోరుకోవడం మర్చిపోవద్దు. కొండ మీద అనాసపళ్లు, సంపెంగలు అమ్ముతుంటే తీసుకోండి.

ఓపిక ఉంటే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు. మన చేత్తో మనమే పసుపు కుంకుమ వేయొచ్చు. మా అమ్మమ్మ "పెద్ద గుళ్లో దేవుణ్ని చూస్తాం, ఇక్కడ ముట్టుకుంటాం" అనేది.

తొట్లకొండ_గాలి
అందరూ కైలాసగిరి అంటారు, అదీ వెళ్లండి, రోప్‌వే ఉంది కాబట్టి పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు, పిల్లలకు బొమ్మ రైలు. కానీ కోడలు గారి ఆ ఒక్క గంట కోసం నేను తొట్లకొండ అంటాను.

భీమిలి రోడ్డులో కారు కొండ పైదాకా వెళ్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం. భిక్షువుల గదుల పునాదులు, స్తూపం పీఠం, రాతిలో తొలిచిన నీటి తొట్లు. ఆ తొట్ల వల్లే ఆ పేరు. వాన నీళ్లు అందులోకి చేరేలా ఎంత లెక్కగా తొలిచారో చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడ రాతి మీద కూర్చుంటే కింద కొబ్బరి చెట్లు, రోడ్డు, ఆ పైన సముద్రం తప్ప ఏమీ ఉండదు. గాలి చప్పుడు ఒక్కటే.

బీచ్‌రోడ్డు_బాటసారి
ఒంటరిగా కూర్చోవడానికి కొండెందుకు? పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు, నడిచేవాళ్ల కోసం. హారన్ ఉండదు. ఐదున్నరకు వచ్చి గోడ మీద కూర్చోండి. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. చాలామంది సాయంత్రం వచ్చి "సన్‌సెట్ ఎటు" అని అడుగుతుంటారు. మనది తూర్పు తీరం, సూర్యుడు కొండల వెనక అస్తమిస్తాడు. సాయంత్రం బీచ్ తిండికి, పొద్దున బీచ్ కంటికి.

పెసరట్టు_ప్రియ
సాయంత్రం తిండి అన్నారు కాబట్టి: ముంత మసాలా, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు. ముంత మసాలాలో నిమ్మకాయ పిండాక వెంటనే తినాలి, రెండు నిమిషాలు ఆగితే మరమరాలు మెత్తబడతాయి. ఫొటో తర్వాత!

తొట్లకొండ_గాలి
విశాఖ మ్యూజియం కూడా బీచ్ రోడ్డులోనే, పాత డచ్ బంగళా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు అక్కడ ఉంది. మీ పెద్దోడికి సబ్‌మెరైన్ ఇష్టమైతే ఇది తప్పకుండా చూపించండి.

సబ్‌మెరైన్ గురించి ఒక జాగ్రత్త. కురుసుర 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలాంటి దారుల్లోంచి వంగి కాలు ఎత్తి దాటాలి. అత్తమ్మగారిని బయట నీడలో కూర్చోబెట్టండి. రోడ్డుకు అవతల టీయూ-142 అనే నౌకాదళ విమానం మ్యూజియంగా ఉంది, అది కాస్త సులువు.

వరంగల్_వాలా
డిసెంబరు 4 నేవీ డే విన్యాసాలకు రావాలని నా కోరిక. హోటల్ ముందే బుక్ చేయాలా?

బీచ్‌రోడ్డు_బాటసారి
ఆగు ఆగు, ముందు ఆ ఏడాది ఎక్కడ చేస్తున్నారో చూసుకో. ఈ మధ్య వేరే ఊళ్లలోనూ చేస్తున్నారు. 2023లో మహారాష్ట్ర, 2024లో పూరీ. పాత అలవాటుతో మా బంధువులు అంత దూరం నుంచి దిగి ఖాళీ సముద్రం చూసి వెళ్లారు.

హన్మకొండ_కోడలు
అందరివీ చదివి ఒక ప్లాన్ రాసుకున్నా. శుక్రవారం పొద్దున సింహాచలం, సాయంత్రం సబ్‌మెరైన్, ముంత మసాలా. శనివారం వాసెన పోలి, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఆదివారం తెల్లారి హార్బర్, మధ్యాహ్నం ఇంట్లో వంట, సాయంత్రం రుషికొండ. అరకు ఈసారి లేదు. రైలుపిచ్చి అన్నా, ఏమనుకోకండి.

రైలుపిచ్చి
అనుకోను. కానీ నవంబరుకు టికెట్ తీయకపోతే మాత్రం అనుకుంటా.

తొట్లకొండ_గాలి
భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూడండి, ఆ పక్కనే గోస్తనీ సముద్రంలో కలిసే చోటు. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం గట్ల అంచులు ఎక్కొద్దు, పిల్లల్ని జారనివ్వొద్దు. అది గాలీ, నీళ్లూ, సముద్రమూ కలిసి వేల ఏళ్లుగా పేర్చిన ఇసుక, ఒక్క అడుగుకు రాలిపోతుంది. అందుకే దానికి జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఇచ్చారు.

హన్మకొండ_కోడలు
(తిరిగొచ్చాక)
నిన్న రాత్రే ఇంటికి చేరాం. మీ అందరికీ చెప్పకుండా పడుకోబుద్ధి కాలేదు.

సింహాచలంలో అత్తమ్మ కప్పస్తంభాన్ని చాలాసేపు వదల్లేదు. ఏం కోరుకున్నారో చెప్పలేదు. సబ్‌మెరైన్‌లో పెద్దోడు టార్పెడో గదిలోంచి బయటికి రానన్నాడు, వెనక లైను ఆగిపోయింది. నాలుగేళ్ల బాకీ తీరింది. శనివారం వాసెన పోలి దగ్గర అత్తమ్మ ఆకు విప్పి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు. వాళ్లమ్మ ఇలాగే కుండకు గుడ్డ కట్టి చేసేదట. పెళ్లయి పదిహేనేళ్లు, వాళ్లమ్మ గురించి ఆమె నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. తొట్లకొండ మీద పిల్లలు తొట్లు లెక్కపెడుతూ పోయారు, నాకు ఇరవై నిమిషాలు దొరికాయి.

హార్బర్ సంగతి. మామయ్య నాలుగింటికే లేచి చొక్కా వేసుకుని కూర్చున్నారు. వేలంపాట దగ్గర గంటసేపు నిలబడ్డారు, చివరికి ఆయనే నాకు పాట అర్థం చెప్పడం మొదలుపెట్టారు. చిల్లరగా అమ్మే ఒకామె దగ్గర మొప్పలు ఎత్తి చూస్తుంటే ఆమె "చూడు బాబూ, బాగా చూడు, రాత్రి వేటది" అని కన్ను దగ్గర వేలు పెట్టి చూపించింది. రెండు కిలోల కోనెం, కిలో రొయ్యలు. మా ఆయన ఉల్లిపాయలు కోశారు, నేను పులుసు పెట్టా. మామయ్య రెండో ముద్దకు ఏమీ మాట్లాడలేదు. మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. రాత్రికి మళ్లీ అదే పులుసు, పొద్దున ఇడ్లీలో కూడా అదే.

నా గంట సోమవారం పొద్దున దొరికింది, బయల్దేరే ముందు. బీచ్ రోడ్డు గోడ మీద. సగంలో చిన్నోడు వచ్చి ఒళ్లో పడుకున్నాడు. ఏమీ అడగలేదు.

తెప్ప_తెడ్డు
రెండు కిలోల కోనెంకు ఎంత తీసుకుంది అక్కా? మోసం చేయలేదు కదా?

హన్మకొండ_కోడలు
లేదన్నా. పైగా గుప్పెడు నెత్తళ్లు ఊరికే వేసింది, "ముసలాయనకు వేపి పెట్టు" అని.

ఎంవీపీ_వాసి
అత్తమ్మగారి మాట చదివి ఇప్పుడే మా అమ్మకు ఫోన్ చేశా. రేపు పొద్దున బండి దగ్గరికి తీసుకెళ్తున్నా.

కొత్తసభ్యుడు_7
ఈ చర్చ ఇప్పుడే దొరికింది, చాలా ఉపయోగం. మేం జూన్ మొదటి వారంలో ఎనిమిది మందిమి వస్తున్నాం. సముద్రపు చేపలు తాజాగా దొరికే హోటల్ ఒకటి చెప్పండి.

తెప్ప_తెడ్డు
టికెట్లు మార్చుకునే వీలుందా? జూన్ 14 దాటనివ్వండి. బోట్లు వెళ్లి తిరిగి రావడానికి ఇంకో నాలుగైదు రోజులు వేసుకుని రండి, హార్బర్‌కు నేనే తీసుకెళ్తా.